కౌంటీ పూర్‌హౌస్, దాని వెనక సమాధుల తోట: నేను తరచూ వినే అపోహలు

నేనేం పని చేస్తానని ఊళ్ళో చుట్టాలు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. న్యూయార్క్ రాష్ట్రం పడమటి భాగంలో పాత కౌంటీ రికార్డులు చదువుతాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ కౌంటీకో పూర్‌హౌస్ ఉండేది. బతకడానికి ఏ దారీ లేనివాళ్ళు చేరే చోటు అది. అక్కడ చనిపోయి, శవాన్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రానివాళ్ళని వెనక ఉన్న పొలంలోనే పూడ్చేవారు. ఆ సమాధుల తోట సరిగ్గా ఎక్కడుంది, అందులో ఎవరెవరున్నారు అన్నది తేల్చడం నా పని. సగం రోజులు రిజిస్టర్లతో గడుస్తాయి, సగం రోజులు గడ్డిలో.

మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మ ఫోన్‌లో, "అదేమిటే, అంతమందిలో ఒక్కళ్ళకీ దీపం పెట్టేవాళ్ళు లేకపోయారా?" అంది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు చెప్పాలంటే ముందు కొన్ని అపోహలు తొలగించాలి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళూ ఇవే అంటారు, ఇక్కడికి వచ్చి స్థిరపడిన మనవాళ్ళూ ఇవే అంటారు.

అపోహ: పూర్‌హౌస్ అంటే అనాథాశ్రమం, లేదా చర్చివాళ్ళు నడిపే ధర్మసత్రం.

రెండూ కాదు. అది పూర్తిగా ప్రభుత్వ సంస్థ, పన్నుల డబ్బుతో నడిచేది. న్యూయార్క్‌లో 1824లో చట్టం చేసి కౌంటీలకు ఈ బాధ్యత అప్పజెప్పారు. అంతకుముందు ఏం జరిగేదో తెలిస్తేనే ఆ చట్టం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. అప్పట్లో ఒక ఊళ్ళో దిక్కులేని మనిషి ఉంటే, ఆ మనిషిని వేలం వేసేవారు. మామూలు వేలంలో పాట పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతూ పోయేది. "ఏడాదికి ఇంత ఇస్తే ఈ ముసలామెను నేను పోషిస్తాను" అని ఒకరంటే, ఇంకొకరు అంతకన్నా తక్కువకి ఒప్పుకునేవారు. అందరికన్నా తక్కువ అడిగినవాడి ఇంటికి ఆమెను పంపేవారు. తిండి తగ్గిస్తే ఆ మిగులు అతనికే. మరో పద్ధతి, "ఈయన మా ఊరివాడు కాదు" అని పక్క ఊరికి తోలేయడం. ఆ ఊరివాళ్ళు మళ్ళీ వెనక్కి పంపేవారు. బండి మీద అటూ ఇటూ తిప్పిన ఖర్చులూ, ఊళ్ళ మధ్య కోర్టు ఖర్చులూ కలిపితే ఆ మనిషిని హాయిగా పోషించడానికి సరిపోయేవి.

రాష్ట్ర కార్యదర్శి జాన్ వాన్ నెస్ యేట్స్ 1824లో ఇదంతా విచారించి నివేదిక ఇచ్చాడు. కౌంటీకో ఇల్లు, ఇంటికో పొలం ఉండాలన్నాడు. పనిచేయగలిగినవాళ్ళు పొలం పని చేస్తారు, పిల్లలు చదువుకుంటారు, ఖర్చు తగ్గుతుంది అన్నది ఆలోచన. వేలంపాటతో పోలిస్తే అది మంచి ఉద్దేశమే. ఆచరణ ఎలా ఉందో కూడా రికార్డుల్లోనే ఉంది. 1857లో న్యూయార్క్ సెనేట్ కమిటీ ఒకటి ఊరూరా తిరిగి చూసి, కొన్ని పూర్‌హౌసుల్లో మనుషులకన్నా పశువులకే మెరుగైన వసతి ఉందని రాసింది. మూడు పదుల ఏళ్ళు గడిచేసరికి పరిస్థితి అది.

మాట గురించి ఒక ముక్క. ఇక్కడి రిజిస్టర్లలో ఆ మనుషుల్ని 'పాపర్' అని రాసేవారు. మన కోర్టు కాగితాల్లో పాపరు దావా అంటాం చూడండి, అదే మాట. ఎవరైనా ఆస్తి పోగొట్టుకుంటే "పాపరైపోయాడు" అనడం మా తాతయ్య నోట విన్నాను. సముద్రాలు దాటి రెండు వైపులా ఒకే మాట, ఒకే చిన్నచూపు.

అపోహ: అక్కడ చేరినవాళ్ళంతా సోమరులు, తాగుబోతులు.

ఈ అపోహ ఇప్పటిది కాదు, ఆ రోజుల్లోనే ఉంది. దీన్ని తప్పని చూపించడానికి యేట్స్ నివేదికే చాలు. రాష్ట్రం మొత్తంలో సుమారు 22 వేల మంది సాయం మీద బతుకుతున్నారని ఆయన లెక్కతేల్చాడు. అందులో దాదాపు 7 వేల మందే ఏడాది పొడవునా ఆధారపడ్డవాళ్ళు. మిగిలిన 15 వేల మంది కొన్నాళ్ళే సాయం తీసుకున్నవాళ్ళు. ఏడాది పొడవునా ఆధారపడ్డవాళ్ళలో మూడో వంతుకు పైగా 14 ఏళ్ళలోపు పిల్లలు. వాళ్ళు కాక చూపు లేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, వృద్ధులు. అంటే పనిచేయగలిగీ చేయనివాళ్ళ కోసం రూపొందించిన సంస్థలోకి, పనిచేయలేనివాళ్ళు వచ్చి చేరారు. మొదటి రోజు నుంచీ ఉన్న చిక్కు ఇదే.

1875 నుంచి న్యూయార్క్‌లో పూర్‌హౌస్‌లోకి వచ్చిన ప్రతి మనిషికీ రాష్ట్ర ధర్మాదాయ బోర్డు ఇచ్చిన ఫారం నింపాల్సి వచ్చేది. ఆ ఫారాలు నాకు దాదాపు కంఠతా వచ్చు. వయసు, పుట్టిన దేశం, చదువు, వృత్తి అడుగుతారు. తర్వాత అలవాట్లు ఏమిటని అడుగుతారు. తల్లిదండ్రుల అలవాట్లు కూడా అడుగుతారు. చివర్లో, ఈ మనిషి ఈ స్థితి నుంచి బయటపడే అవకాశం ఉందా అని ఒక ప్రశ్న. మనిషిని ఎదురుగా నిలబెట్టి, అతని భవిష్యత్తుని గుమాస్తా ఒక గడిలో రాసేవాడు. కాలు విరిగిన కూలీ, కాన్పు దగ్గర పడ్డ పనిమనిషి, ఇద్దరూ అదే ఫారంలో పడ్డారు. "తాగుడు" అన్న మాట ఏ కాగితంలో కనపడినా నేను వెంటనే నమ్మను. రాసిన చేయి ఎవరిదో ముందు చూస్తాను.

అపోహ: ఒకసారి లోపలికి వెళ్తే శవంగానే బయటికి రావడం.

కొందరి విషయంలో నిజం. ఎక్కువమంది విషయంలో కాదు. రిజిస్టర్లో డిసెంబరులో పేరు కనపడుతుంది, ఏప్రిల్లో వెళ్ళిపోయినట్టు ఉంటుంది. మళ్ళీ డిసెంబరులో అదే పేరు. ఈ ప్రాంతంలో చలికాలం వస్తే కాలువ గడ్డకడుతుంది, పొలం పని ఆగుతుంది, కట్టుబడి పని ఆగుతుంది. కూలి లేదు, కట్టెలు కొనే డబ్బు లేదు. మంచు కరిగాక పనికి వెళ్ళిపోయేవారు. వాళ్ళని రికార్డుల్లో ఇన్‌మేట్ అన్నారు కాబట్టి ఖైదీలనుకుంటాం. తలుపు లోపలి నుంచి తీసుకుని వెళ్ళిపోవచ్చు, వెళ్ళడానికి ఒక చోటు ఉంటే.

మతి స్థిమితం లేనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళని నిజంగానే బంధించారు. సెనెకా సరస్సు ఒడ్డున విల్లార్డ్ ఆశ్రమాన్ని 1869లో తెరిచిందే కౌంటీ పూర్‌హౌసుల్లో మగ్గుతున్న ఇలాంటివాళ్ళ కోసం. అక్కడికి మొదట వచ్చిన మేరీ రోట్ అనే ఆమెను సంకెళ్ళతోనే తీసుకొచ్చారు.

పిల్లల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 3 నుంచి 16 ఏళ్ళ వయసు పిల్లల్ని పూర్‌హౌసుల్లో ఉంచకూడదని న్యూయార్క్ 1875లో చట్టం చేసింది. ఆ తర్వాతి ఏడాదే, అంటే 1876లో, పక్క రాష్ట్రం మసాచుసెట్స్‌లో ఒక అక్కా తమ్ముడూ ట్యూక్స్‌బరీ ఆల్మ్స్‌హౌస్‌లో చేరారు. పూర్‌హౌస్‌కే అది ఇంకో పేరు. అక్కకి తొమ్మిదేళ్ళు, చూపు సగం పోయింది. తమ్ముడు జిమ్మీకి తుంటి దగ్గర క్షయ. వచ్చిన కొన్ని నెలలకే తమ్ముడు చనిపోయాడు. అక్క నాలుగేళ్ళు అక్కడే ఉండి, తనిఖీకి వచ్చిన అధికారి వెంటపడి, "నాకు చదువుకోవాలని ఉంది" అని మొరపెట్టుకుని 1880లో అంధుల బడిలో చేరింది. ఆమె పేరు ఆన్ సలివన్. హెలెన్ కెల్లర్ గురించి మనం బడిలో చదువుకున్నాం కదా, నీళ్ళ పంపు కింద చేయి పెట్టించి మాట నేర్పిన టీచరమ్మ ఈవిడే. పూర్‌హౌస్‌లో ఉన్నవాళ్ళ గురించి ఎవరైనా చులకనగా మాట్లాడితే నాకు వెంటనే గుర్తొచ్చేది ఆ తొమ్మిదేళ్ళ పిల్ల. ట్యూక్స్‌బరీలో పైన్ చెట్ల కింద ఉన్న సమాధుల తోటలో 10 వేల మందికి పైగా ఉన్నారు. నేల మీద ఇనప గుర్తులు, వాటి మీద అంకెలు. అంతే.

అపోహ: పేర్లు తెలియవు కాబట్టే అంకెలు వేశారు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇదే. ఎందుకంటే చాలాసార్లు పేర్లు తెలుసు. అంకె వేసింది డబ్బు ఆదా చేయడానికి. ఆ అంకెకి ఎదురుగా పేరు, తేదీ ఒక పుస్తకంలో ఉండేవి. పుస్తకం ఒకచోట, రాయి ఒకచోట ఉన్నాయి కాబట్టి రెంటిలో ఏది పోయినా రెండోది మూగబోతుంది. చెక్క గుర్తు పెట్టినచోట పదిహేను ఇరవై ఏళ్ళకు చెక్క పుచ్చిపోయింది. రాయి పెట్టినచోట గడ్డి కోసే మిషన్‌కు అడ్డమని తర్వాత ఎవరో పీకేశారు. పుస్తకమేమో ఆఫీసు మారినప్పుడు నేలమాళిగలోకి వెళ్ళి నీళ్ళకి తడిసింది.

పుస్తకం మిగిలితే ఏం జరుగుతుందో విస్కాన్సిన్‌లోని మిల్వాకీ చూపించింది. అక్కడి కౌంటీ సమాధుల తోటల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచి 1974 వరకూ పూడ్చారు, మొత్తం 7 వేలకు పైగా సమాధులు. 1991, 1992లో కట్టడం పని కోసం తవ్వాల్సి వస్తే 1,649 మంది అవశేషాలు బయటపడ్డాయి. 2013లో మరో 600 మందికి పైగా. అంత్యక్రియల రిజిస్టర్ మిగిలి ఉండబట్టి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీ శాఖ పరిశోధకులు పెట్టెల వరస చూసి, ఎముకల్లో వయసు చూసి, పక్కన దొరికిన గుండీలూ జపమాలలూ ఉంగరాలూ చూసి, పుస్తకంలోని పేర్లతో ఒక్కొక్కటిగా జతచేస్తూ వస్తున్నారు. అది ఏళ్ళకేళ్ళు పట్టే పని. ఒక వరసలో మూడో పెట్టె ఎవరిదో కచ్చితంగా తేలితే దానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు తేలే ఆశ పుడుతుంది. నా పనిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగేది అలాంటి రోజునే.

పుస్తకమే లేకపోతే? అప్పుడు చుట్టుదారి పడతాం. కౌంటీ బోర్డు ఏటా అచ్చువేసిన లెక్కల పుస్తకాల్లో శవపెట్టెలు చేసిన వడ్రంగికి ఎంత చెల్లించారో ఉంటుంది. ఏ ఏడాది ఎన్ని పెట్టెలో దాన్నిబట్టి తెలుస్తుంది. 1880 జనాభా లెక్కల్లో ఇలాంటి సంస్థల్లో ఉన్నవాళ్ళకి విడిగా పట్టికలు వేశారు, అందులో పేర్లుంటాయి. 1880 దశాబ్దం నుంచి మరణాల రిజిస్టర్లూ ఉన్నాయి. పేరు తెలియనివాళ్ళూ ఉన్నారు, లేరనను. "తెలియని మగమనిషి, సుమారు 40, రైలు పట్టాల దగ్గర" అని ఒక్క వరుసతో ముగిసిపోయినవాళ్ళు. కానీ అందరినీ ఆ లెక్కలో వేయడం అన్యాయం.

అపోహ: అందరినీ ఒకే గోతిలో పడేశారు.

అంటురోగాల రోజుల్లో అక్కడక్కడ జరిగి ఉండొచ్చు గానీ, తవ్వినచోట్ల ఎక్కువగా కనపడింది వరసలు. ఒక్కొక్కరికి ఒక్కో చౌకరకం చెక్క పెట్టె, తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. మిల్వాకీలో మాత్రం కొన్ని పెట్టెల్లో ఒకరికన్నా ఎక్కువమంది శరీర భాగాలు దొరికాయి. పుర్రె పైభాగం రంపంతో కోసిన గుర్తులు కనపడ్డాయి. వైద్య విద్యార్థుల కోతబల్ల మీది నుంచి వచ్చినవి అవి.

ఇది దొంగతనంగా జరిగిందని చాలామంది అనుకుంటారు. శవాల దొంగలు ఉన్నమాట నిజమే. ఆ దొంగతనాలు ఆపడానికని తెచ్చిన చట్టాలే బీదవాళ్ళ శవాల్ని వైద్య కళాశాలలకి అప్పగించాయి. మసాచుసెట్స్‌లో 1831, బ్రిటన్‌లో 1832, న్యూయార్క్‌లో 1854. కౌంటీ ఖర్చుతో పూడ్చాల్సిన శవాన్ని, అడగడానికి ఎవరూ రాకపోతే, కళాశాలకి ఇవ్వొచ్చు. బతికున్నప్పుడు ఈ సంగతి పూర్‌హౌస్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు. పైసా పైసా కూడబెట్టి సమాధి ఖర్చుకి దాచుకోవడం వెనక ఉన్న భయం అదే.

మత్తయి సువార్తలో, ముప్పై వెండి నాణేలతో పరదేశుల్ని పాతిపెట్టడానికి కొన్న కుమ్మరివాని పొలం గుర్తుందా? దిక్కులేనివాళ్ళ సమాధుల స్థలాన్ని ఇంగ్లీషులో ఇప్పటికీ ఆ పేరుతోనే, పాటర్స్ ఫీల్డ్ అని పిలుస్తారు. మా పాత మ్యాపుల్లో ఆ మాట కనపడితే అక్కడ వేలు ఆపి చూస్తాం.

అపోహ: కొత్త కట్టడం కట్టేముందు అవన్నీ వేరేచోటికి తరలించి ఉంటారు.

తరలించింది చాలాచోట్ల రాళ్ళని. మనుషులు అక్కడే ఉన్నారు.

రోచెస్టర్‌లో 1984లో హైలాండ్ పార్కు దగ్గర నేల చదును చేస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. దాదాపు 300 మంది. మన్రో కౌంటీ ఆల్మ్స్‌హౌస్ వాళ్ళు. తర్వాత వాళ్ళని మౌంట్ హోప్ సమాధుల తోటలో పూడ్చారు. బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ ఉన్న తోటే అది. బఫెలోలో ఎరీ కౌంటీ పూర్‌హౌస్ స్థలంలో ఇప్పుడు విశ్వవిద్యాలయం దక్షిణ క్యాంపస్ ఉంది. అక్కడ చదువుకున్న మన తెలుగు పిల్లలు ఎంతోమంది, ఆ రోడ్ల మీద రోజూ నడిచినవాళ్ళే. 2012లో రోడ్డు పని ముందు తవ్వితే 376 మంది అవశేషాలు దొరికాయి. ఐదేళ్ళు అధ్యయనం చేసి 2017లో మళ్ళీ ఖననం చేశారు. షికాగోలో డన్నింగ్ అనే చోట కౌంటీ పూర్‌హౌస్, పిచ్చాసుపత్రి రెండూ ఉండేవి. 1989లో ఇళ్ళు కడుతుంటే అవశేషాలు బయటపడ్డాయి. ఆ నేలలో 38 వేల మంది దాకా ఉండొచ్చని అంచనా. 2001లో ఒక చిన్న స్మారక పార్కు కట్టారు.

నేను చూసిన ఒకచోట, పార్కింగ్ స్థలం పెంచడానికి ప్లాను వేసినవాళ్ళకి 1870ల నాటి అట్లాసు చూపించాను. "అవి ఎప్పుడో తీసేశారు, మాకు తెలుసు" అన్నారు. తీసినట్టు ఒక్క కాగితం చూపమంటే లేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. చివరికి పని ఆగింది, కానీ ఆ అట్లాసు పుట ఎవరూ తెరిచి చూడని ఊళ్ళు ఎన్నో.

అపోహ: రేడార్ పెడితే ఎముకలు కనిపిస్తాయి.

టీవీలో అలా చూపిస్తారు. జీపీఆర్ అనే యంత్రాన్ని పచ్చిక కోసే మిషన్‌లా తోసుకుంటూ వెళ్తాం. తరంగాలు నేలలోకి వెళ్ళి తిరిగి వస్తాయి. తెర మీద కనపడేది ఎముక కాదు, మట్టిలో తేడా. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి, ఎప్పుడూ కదలని మట్టిలా ఉండదు. బంకమట్టి ఎక్కువైతే అది కూడా సరిగా తెలియదు. పాత డ్రైనేజీ గొట్టం చూసి సమాధి అనుకున్న రోజులూ ఉన్నాయి. అందుకే యంత్రం కన్నా ముందు కళ్ళు కావాలి. పెట్టె పుచ్చి కూలినప్పుడు పైన నేల మనిషి పొడవున కుంగుతుంది. సాయంత్రం ఏటవాలు ఎండలో ఆ గుంటల నీడలు వరసగా కనపడతాయి. ఇంకో గుర్తు, నేలంతా పాకే వింకా మొక్క. మన బిళ్ళగన్నేరుకి దగ్గరి చుట్టం, నీలం పూలు పూస్తుంది. సమాధుల మీద నాటేవారు. అడవి మధ్యలో, ఇల్లూ వాకిలీ లేనిచోట అది దట్టంగా పరుచుకుని ఉంటే, నేను అడుగు ఆచితూచి వేస్తాను. ఎవరో ఒకరు ఒకప్పుడు ఆ మొక్క తెచ్చి నాటారు కదా. అమ్మ అడిగిన దీపం అదేనేమో అనిపిస్తుంది.

అపోహ: ఇదంతా ఎప్పుడో పాతకాలం సంగతి.

1910 లెక్కల్లో దేశంలోని ఆల్మ్స్‌హౌసుల్లో 84 వేల మందికి పైగా ఉన్నారు. వాటిని మూయించింది 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం. వృద్ధులకి సాయం డబ్బు ఇస్తాం గానీ ప్రభుత్వ సంస్థలో ఉండేవాళ్ళకి ఇవ్వం అని అందులో ఒక షరతు పెట్టారు. దాంతో పెద్దవాళ్ళు పూర్‌హౌస్ వదిలి ప్రైవేటు ఇళ్ళలో డబ్బు కట్టి ఉండసాగారు. నేటి నర్సింగ్ హోముల వ్యాపారానికి మొదలు అక్కడే. చాలా పూర్‌హౌసులు పేరు మార్చుకుని కౌంటీ ఆసుపత్రులయ్యాయి. అందుకే నాకు సమాచారం ఇచ్చేవాళ్ళలో వాటిల్లో పనిచేసిన నర్సుల పిల్లలూ ఉన్నారు. "వెనక తోటలోకి ఆడుకోవడానికి వెళ్ళొద్దనేది మా అమ్మ" అని చెప్తారు.

న్యూయార్క్‌లో ప్రతి ఊరికీ ఒక అధికారిక చరిత్రకారుణ్ణి నియమించాలని 1919 నుంచి చట్టం ఉంది. మీరిక్కడ ఉంటే మీ టౌన్‌హాలుకి ఫోన్ చేసి, మన కౌంటీ పూర్‌హౌస్ ఎక్కడుండేది, దాని సమాధుల తోట ఎక్కడ అని అడగండి. మొదటి ప్రశ్నకి జవాబు వెంటనే వస్తుంది. రెండోదానికి ఆగుతారు. ఆగితే అట్లాసు చూడమనండి.

నాకు ఈ ఏడాది మిగిలింది ఒక కొండవాలు. రిజిస్టర్ సగం తడిసింది, సగం చదవొచ్చు. మార్చి చివర్లో మంచు కరిగాక, గడ్డి లేవకముందు రెండు వారాలు దొరుకుతాయి. గుంటలు బాగా కనపడేది అప్పుడే. చిన్న జెండాలు, టేపు, చదవగలిగిన పేర్ల జాబితా సిద్ధంగా పెట్టుకున్నాను. జాబితాలో ఉన్న పేర్లు ఫోన్‌లో ఒకసారి చదివి వినిపించమంది అమ్మ.